మామ్మగారి మూటలో అమెరికా వెండి

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పూజ గది సర్దుతుంటే అత్తయ్యగారు బీరువా అడుగు అర నుంచి ఒక గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టారు. చిన్న మూటే గానీ చెయ్యి కిందికి లాగేసేంత బరువు. విప్పితే నల్లగా మసి పట్టినట్టు వెండి రూపాయలు. "అమ్మాయ్, ఇవి కరిగించి పిల్లదానికి పట్టీలు చేయించేద్దాం. నా తర్వాత వీటిని ఎవరు చూస్తారు?" అన్నారు.

ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో కోడలిని. ఆ మూట ఉందని తెలుసు, ఏడాదికోసారి వ్రతం రోజున అందులోంచి ఒక రూపాయి కలశం దగ్గరికి వస్తుందనీ తెలుసు. మొత్తం విప్పి చూడటం మాత్రం అదే మొదటిసారి. లెక్కపెట్టాను. ఇరవై ఏడు.

ఆ రూపాయలు మా వారి నాయనమ్మగారివి. మేమందరం మామ్మగారు అంటాం, నేను మాత్రం ఆవిడని చూడలేదు. 1977 నవంబర్ 19, శనివారం. దివిసీమలో ఆ తేదీ చెబితే మిగతా కథ చెప్పక్కర్లేదు. ఉప్పెన నాటికి మా అత్తయ్యగారు కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదట. ఇల్లు అప్పుడు నాగాయలంకలో కాదు, ఇంకా కిందికి, సముద్రం వైపు ఉన్న ఊళ్లో. అత్తయ్యగారూ మావయ్యగారూ తాటిచెట్టు పట్టుకుని బతికారు. మామ్మగారు నీళ్లల్లో పోయారు. ప్రభుత్వం లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయిన రాత్రి అది. నీళ్లు తీశాక, ఇల్లు ఉన్న చోటు ఏదో కూడా ఆనవాలు దొరక్క, రోలు కనిపించిన చోట మావయ్యగారు గునపంతో తవ్వితే ఇత్తడి చెంబు ఒకటి బురదలో బయటపడింది. మూతికి కట్టిన గుడ్డ చిరిగిపోయి ఉంది. యాభై దాకా ఉండాల్సిన రూపాయలు ఇరవై ఏడే మిగిలాయి. తినడానికి తిండి లేని ఆ రోజుల్లో కూడా వాటిలో ఒక్కటి అమ్మలేదట. ఆవిడ ఒంటి మీది నగ ఒక్కటీ దొరకలేదు మరి. ఆవిడ గుర్తుగా మిగిలినవి ఇవే.

అలాంటివాటిని ఇప్పుడు ఎందుకు కరిగించమంటున్నారో నాకు అర్థం కాలేదు. అడిగితే, "మూటలో ఉంటే ఎవరికి తెలుస్తుంది? పిల్లదాని కాళ్లకుంటే రోజూ కనబడతాయి" అన్నారు. ఆవిడ మాటా నిజమే కదా.

సరే, ముందు మసి వదిలిద్దామని ఒకటి తీసి చింతపండు, విబూది వేసి బాగా తోమాను. తళతళలాడింది. ఇక్కడే నేను చేసిన పొరపాటు. మీరెవరూ చెయ్యకండి, చెబుతాను ఎందుకో.

మర్నాడు అవనిగడ్డలో మాకు తెలిసిన ఆచారిగారి దగ్గరికి వెళ్లాం. ఆయన తోమిన రూపాయిని చూడగానే "అయ్యో, తోమేశారా అమ్మా" అన్నారు. పాత నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి పొరే దాని వయసుకి సాక్ష్యమట. తోమితే ఆ పొరతో పాటు బొమ్మ మీది సన్నటి గీతలు కూడా అరిగిపోతాయి. కరిగించడానికైతే తోమినా తోమకపోయినా ఒకటే. దాచుకునేవాళ్లు కొనేటప్పుడు మాత్రం తోమిన నాణేనికి విలువ సగానికి సగం పడిపోతుంది. ఆయన మిగతావి గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటే అంచులు పట్టుకుని తిప్పి చూశారు. నాణెం ముఖాన్ని వేళ్లతో ముట్టకూడదట, చేతి చెమటకి మచ్చ పడుతుందట.

విక్టోరియా రాణివి తొమ్మిది. వాటిలో కొన్నింటి మీద క్వీన్ అని, కొన్నింటి మీద ఎంప్రెస్ అని ఉంది. 1877 నుంచి ఆవిడ మన దేశానికి చక్రవర్తిని అయ్యాక మాట మార్చారు. కిరీటం లేని తలతో ఎడ్వర్డు రాజువి నాలుగు. మిగతా పద్నాలుగూ అయిదో జార్జివి. వాటిలో ఆరింటి మీద 1918 అనే ఉంది. "ఆ ఏడువి బాగా దొరుకుతాయమ్మా, అందుకే వాటికి పెద్ద ధర రాదు" అన్నారు ఆచారిగారు. నేను అప్పటికి ఆ మాట పట్టించుకోలేదు.

ఒక్కొక్కటి తూకం వేశారు. కొత్తది అయితే 11.66 గ్రాములు, అరిగినవి పదకొండున్నర దాకా ఉన్నాయి. మన పెద్దవాళ్లు "రూపాయి ఎత్తు" అనేవారు చూడండి, ఆ మాట ఇక్కడిదే. రూపాయి బరువూ తులం బరువూ ఒకటే. తూకం రాళ్లు లేని ఇంట్లో రూపాయే రాయి. అందులో పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు అసలు వెండి, ఒక పాలు రాగి వగైరా. అంటే ఒక రూపాయిలో మేలిమి వెండి సుమారు 10.7 గ్రాములు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఎవరైనా కొనడానికొస్తే మోసపోరు. ఆ రోజు పేపర్లో గ్రాము వెండి ధర చూసి 10.7తో హెచ్చవేస్తే అది కనీస ధర. తరుగు పేరుతో ఎంత కోస్తారో కొట్టువాడి మర్యాద మీద ఉంటుంది.

కరిగించాలో వద్దో తేల్చుకోలేక మూట వెనక్కి తెచ్చేశాం. పట్టీల సంగతి అలాగే ఉండిపోయింది.

సంక్రాంతికి అమెరికా నుంచి మా మరిది వచ్చాడు. అతనికి పాత నాణేల పిచ్చి. అక్కడి పాత వెండి డాలర్లు పోగేస్తాడు. నాకోసం ఒకటి తెచ్చాడు, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి. ఒక పక్క జుట్టు ముడిచిన అమ్మాయి ముఖం, రెండో పక్క రెక్కలు విప్పిన గద్ద. మోర్గన్ డాలరు అంటారట, ఆ బొమ్మ చెక్కిన ఆయన పేరు జార్జి మోర్గన్ కాబట్టి. బరువు 26.73 గ్రాములు, అందులో నూటికి తొంభై పాళ్లు వెండి. మన రూపాయి పక్కన పెడితే తల్లీపిల్లల్లా ఉన్నాయి.

వీటికి వెల ఎలా కడతారని అడిగాను. ముందు గద్ద తోక కింద చూడాలట, అక్కడ చిన్న అక్షరం ఉంటుంది. ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల, ఓ ఉంటే న్యూ ఆర్లీన్స్, సిసి అని రెండక్షరాలుంటే నెవాడాలోని కార్సన్ సిటీ. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. కార్సన్ సిటీవి తక్కువ కొట్టారు కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువ. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టినవి లక్షే. అది చేతికొస్తే పండగే. తర్వాత అరుగుదల చూస్తారు. ఆ అమ్మాయి చెవి మీది వెంట్రుకలు, గద్ద రొమ్ము మీది ఈకలు స్పష్టంగా ఉన్నాయా లేదా అని. అన్నీ అయ్యాక తోమారా లేదా అని. ఆ మాట వినగానే అత్తయ్యగారు నా వైపు చూశారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

"అయితే వదినా, ఈ డాలర్ల విషయంలో ఎన్ని కొట్టారన్న లెక్క ఒక్కటే చూస్తే చాలదు, ఎన్ని మిగిలాయన్నది చూడాలి. దాదాపు సగం మీ దేశానికే వచ్చేశాయి" అన్నాడు. పదిహేనేళ్లలో అతనికి మన దేశం మీ దేశం అయిపోయింది, అది వేరే సంగతి. డాలర్లు మన దేశానికి రావడమేమిటని కూర్చోబెట్టి అడిగాను. అతను చెప్పింది కొంత, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కొంత.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మన దగ్గర నుంచి ధాన్యం, జనపనార, టీ, తోళ్లు ఓడలకొద్దీ బ్రిటన్‌కీ దాని మిత్రదేశాలకీ వెళ్తున్నాయి. మెసపొటేమియాలో పోరాడే సైన్యాల ఖర్చులూ ఇక్కడి నుంచే. సరుకు తీసుకుంటున్నారు సరే, రైతుకీ వర్తకుడికీ చేతిలో పెట్టాల్సింది రూపాయి. కాగితం నోటు ఇస్తే జనం తీసుకెళ్లి ప్రభుత్వ ఖజానాలో ఇచ్చి వెండి రూపాయలు మార్చుకునేవారు. మార్చుకున్న రూపాయి మళ్లీ బజారుకి రాదు. ఎక్కడికి వెళ్తుంది? మామ్మగారి చెంబులోకి. దేశం మొత్తంలో ఎన్ని చెంబులో ఊహించుకోండి.

ఇటు వెండి ధర ప్రపంచమంతటా పెరిగింది. రూపాయి మీద రాసిన విలువ కంటే లోపలి వెండి విలువే ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది. 1917లో నాణేలు కరిగించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. అదే ఏడాది నవంబర్ 30న మొదటిసారి ఒక రూపాయి కాగితం వచ్చింది, దాని మీద రూపాయి నాణెం బొమ్మ వేసి మరీ. తర్వాత కొద్ది రోజులకే రెండున్నర రూపాయల నోటు. జనం నమ్మలేదు. కొన్ని చోట్ల నోటు ఇస్తే వర్తకులు వట్టం తీసుకునేవారు. మనవాళ్లని తప్పు పట్టడానికి లేదు. చెమ్మ తగిలితే చిరిగే కాగితాన్ని, ఏటా వరదొచ్చే ఈ లంకల్లో ఎవరు నమ్ముతారు చెప్పండి?

1918 వసంతానికి ఖజానాల్లో వెండి అడుగంటింది. నోట్లు తెచ్చినవాళ్లకి రూపాయలివ్వలేక చేతులెత్తేస్తే యుద్ధం మధ్యలో ఇక్కడ గగ్గోలే. బ్రిటన్ అమెరికాని అడిగింది. అమెరికా ఖజానాలో వెండి డాలర్లు మూటలు మూటలుగా పడి ఉన్నాయి, అక్కడి జనానికి అంత బరువు నాణెం జేబులో మోయడం ఇష్టం లేదు. ఒకరికి బరువైంది ఇంకొకరికి ప్రాణమైంది. 1918 ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం అని ఒకటి చేశారు. ఆ పిట్‌మన్ వెండి గనుల రాష్ట్రమైన నెవాడా సెనేటరు. చట్టం ప్రకారం 35 కోట్ల డాలర్ల దాకా కరిగించవచ్చు. కరిగించినవి 27 కోట్ల పైచిలుకు. వాటిలో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండిని ఔన్సు ఒక డాలరు చొప్పున మన దేశం కోసం బ్రిటన్‌కి అమ్మారు. 20 కోట్ల ఔన్సుల వెండి! కడ్డీలుగా పోసి ఓడలెక్కించారు. ఇక్కడ బొంబాయి, కలకత్తా టంకశాలల్లో అవి జార్జి తలతో రూపాయలుగా లేచాయి.

నాకు లెక్కలు చిన్నప్పటి నుంచీ భయమే, అందుకే బి.ఏ. తెలుగు చదివాను. అయినా ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక డాలరులో మేలిమి వెండి 24 గ్రాములు, రూపాయిలో 10.7. అంటే ఒక డాలరు కరిగితే రెండుంబావు రూపాయలు. మొత్తం కలిపితే 58 కోట్ల రూపాయలకి సరిపడే వెండి. ఆచారిగారు "1918వి బాగా దొరుకుతాయి" అన్న మాట అప్పుడు తట్టింది. అంత వెండి వచ్చి పడితే దొరకవూ మరి!

లేచి వెళ్లి మూట విప్పాను. ఆరు 1918లు, రెండు 1919లు. తామర పువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకపోతే కలకత్తాది. మావాటిలో అయిదింటికి చుక్క ఉంది. ఇందులో ఫలానా రూపాయి అమెరికా వెండే అని ఎవరూ ముద్ర వేసి చెప్పలేరు. మూసలో అన్ని వెండులూ కలిసిపోతాయి. కానీ ఆ ఏళ్ల రూపాయి మీ ఇంట్లో ఉంటే, అందులో ఎంతో కొంత ఆ జుట్టుముడి అమ్మాయిది ఉండే అవకాశం బాగా ఉంది.

మరిది నాకిచ్చిన డాలరు మీద 1921 అని ఉంది. దాని కథ ఇంకా బాగుంది. మోర్గన్ డాలర్లు 1904తో ఆగిపోయాయి. పిట్‌మన్ చట్టంలోనే, కరిగించినన్ని డాలర్లు మళ్లీ అమెరికా గనుల వెండితోనే కొట్టాలని షరతు ఉంది. గనులవాళ్లకి లాభం లేకుండా ఆ సెనేటరు ఊరికే చట్టం చేస్తాడా? అలా 1921లో మళ్లీ మొదలుపెట్టి కోట్లకొద్దీ కొట్టారు. అంటే మామ్మగారి చెంబులోకి వచ్చిన వెండికి బదులుగా అక్కడ పుట్టిన నాణేల్లో నా చేతిలోది ఒకటి. కోట్లలో ఒకటి కాబట్టి వెండి ధర మీద పెద్దగా ఎక్కువ రాదని మరిది ముందే చెప్పేశాడు.

కరిగించిన వాటిలో ఏ ఏడాదివి ఎన్నో ఎవరూ రాసి పెట్టలేదు. అందుకే అక్కడ పోగేసేవాళ్లకి ఇప్పటికీ ఏది అరుదో ఏది కాదో తేల్చడం కష్టం. 1903 న్యూ ఆర్లీన్స్ డాలరు చాలా అరుదని అనుకుని కొన్నవాళ్లు వందల డాలర్లు పోశారట. 1962లో ఖజానా గదుల్లోంచి ఆ ఏడాదివి సంచులకొద్దీ బయటపడ్డాయి. ధర ఒక్కసారిగా కుప్పకూలింది. మన దగ్గర అలాంటిది తిరగేసి జరిగింది. 1911లో వచ్చిన జార్జి రూపాయి మీద రాజుగారి అంగీపై ఏనుగు బొమ్మ తొండం చిన్నదై పందిలా కనిపించిందట. జనం గొడవ చేస్తే ప్రభుత్వం వెనక్కి తీసుకుని చాలామటుకు కరిగించేసింది, మరుసటి ఏడాది ఏనుగుని సరిగ్గా చెక్కింది. ఆ "పంది రూపాయి" ఇప్పుడు దొరికితే మంచి ధర. మీ పెద్దవాళ్ల మూటల్లో 1911 ఉందేమో చూసుకోండి. మావాటిలో లేదు, భూతద్దం పెట్టి వెతికాను.

అమెరికా వెండి మన సీమకి రావడం అదే మొదలు కూడా కాదు. బందరులో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు. మన కలంకారీ బట్టలకి బదులివ్వడానికి వాళ్ల దేశంలో మనకి కావాల్సిన సరుకు లేదు, వెండి తప్ప. ఆ వెండి కూడా వాళ్లది కాదు. మెక్సికోలో, పెరూ వైపు పొటోసి కొండల్లో అక్కడి మూలవాసుల చేత తవ్వించి స్పెయినువాళ్లు కొట్టిన ఎనిమిది రియాళ్ల నాణేలు. 1792లో అమెరికా తన డాలరుకి కొలత తీసుకున్నది కూడా ఆ నాణెం నుంచే. అద్దకాలవాళ్ల చేతికి ఎంత వచ్చిందో గానీ, ఆ వెండి మాత్రం ఇక్కడ రూపాయలై ఇళ్లల్లోకి చేరింది. వెండి ఇటు రావడమే గానీ తిరిగి వెళ్లడం లేదని ఐరోపా వర్తకులు విసుక్కునేవారు.

ఒక్కసారి మాత్రం వెళ్లింది. రెండో యుద్ధంలో మళ్లీ అదే కరువు. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. పాత ప్రమాణం రూపాయల్ని చలామణీ నుంచి తీసేశారు. అమెరికా ఈసారి అమ్మలేదు, అప్పిచ్చింది, సుమారు 22 కోట్ల 60 లక్షల ఔన్సులు. స్వాతంత్ర్యం వచ్చాక మనమూ పాకిస్తానూ వాటాలు వేసుకుని ఆ బాకీ తీర్చాం. సగం వెండి రూపాయల్ని వెనక్కి తీసుకుని, శుద్ధి చేసి, అందులోని వెండిని పంపించారు. అందుకే 1940ల రూపాయి మీ దగ్గరుంటే 10.7 లెక్క వేయకండి, సగం తగ్గుతుంది. 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో అయితే వెండే లేదు, అంతా నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వీధిలో ఒకావిడకి ఫోను వచ్చింది, మీ పాత నాణేనికి పది లక్షలిస్తాం, ముందు పన్ను కట్టండి అని. నాలుగు దఫాలుగా నలభై వేలు కట్టింది పాపం, ఇంట్లో చెప్పుకోలేక నెలరోజులు అన్నం సరిగ్గా తినలేదు. రిజర్వు బ్యాంకు పాత నాణేలు కొనదు, అలాంటి వ్యవహారాలకి రుసుములూ అడగదు. వాళ్లే 2021లో ప్రకటన ఇచ్చారు. అలాగే నూరేళ్లు దాటిన నాణెం చట్టం దృష్టిలో పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. మరిది ఒక 1918 రూపాయి తన పెట్టెలోకి పట్టుకెళ్తానంటే ఈ మాట చెప్పే ఆపాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అందరం ఇంట్లో ఉండగానే ఆరు రూపాయల్నీ డాలరునీ వరసగా పెట్టి ఫోటో తీసుకుని వెళ్లాడు.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. యుద్ధం, పిట్‌మన్ వింటూ సగంలో కునికిపాట్లు పడ్డారు. అమెరికా డాలర్లు కరిగించి చేసిన రూపాయలు అనేసరికి మాత్రం కళ్లు తెరిచారు. "అయితే ఒకసారి కరిగినవేనా ఇవి?" అన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అత్తగారు శనివారం పొద్దున గాలి మొదలైనప్పుడు ఆ చెంబుకి గుడ్డ కడుతూ కూర్చుంది. ఇప్పుడెందుకండీ అంటే, నీ పిల్లలకి ఉండాలి కదే అంది. నాకప్పుడు పిల్లలు కూడా లేరు" అన్నారు. ఈ మాట ఇరవై రెండేళ్లలో ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పట్టీలు చేయించాం. విరిగిపోయిన నా కుంకుమ భరిణె, మా అమ్మాయి చిన్నప్పటి మొలతాడు, అరిగిన పాత పట్టీలు ఇచ్చి, తక్కువైనదానికి డబ్బు కలిపాం. మూటకి పాత గుడ్డ పీలికలైపోయిందని అత్తయ్యగారి నేత చీర ముక్కతో కొత్త సంచి కుట్టాను. సాయంత్రం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అంచులు పట్టుకో, ముఖం ముట్టకు అంటూ ఆవిడే ఒక్కొక్కటి దాని చేత వేయించారు. నేను తోమి పాడుచేసినది కూడా వేశారు. ఆఖరున నా డాలరు అడిగి తీసుకుని అందులోనే వేసి, తాడు బిగించి, "ఇరవై ఎనిమిది" అన్నారు.